విజయపురి రేవు – దుర్గి ఉలి

కృష్ణానది నల్లమల కొండల నడుమ ప్రవహించి పలనాటి సీమను చేరుచోట నాగార్జునసాగరపు ఆనకట్ట కలదు. ఆనకట్టకు కుడిగట్టున నున్న ఊరు విజయపురి సౌత్. ఇది మాచర్ల మండలములోనిది. పూర్వము గుంటూరు జిల్లాలో నుండెడిది. 2022వ సంవత్సరమున పల్నాడు జిల్లా వేరుగా ఏర్పడి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనప్పటినుండి ఆ జిల్లాలో చేరినది. నదికి ఆవలి గట్టు తెలంగాణ రాష్ట్రమునకు చెందిన నల్లగొండ జిల్లా. ఆనకట్ట కట్టువారి నివాసముకొరకు వెలసిన ఈ ఊరికి, నీట మునిగిన ఒక ప్రాచీన నగరము పేరు పెట్టబడినది. ఆ నగరమే విజయపురి.

ఊరు చిన్నదైనను దానికొక రేవు కలదు. ఓడలు వచ్చు సముద్రపు రేవు కాదు. నాగార్జునకొండకు లాంచీలు బయలుదేరు జలాశయపు రేవు. ఎందరో యాత్రికులు ఇచట టిక్కెట్టు కొని, లాంచి యెక్కి, ద్వీపమును చూచి, తిరిగి వచ్చి, తమతమ ఊళ్ళకు వెడలిపోవుదురు. ఒకపూటలో ముగియు ఈ యాత్రలో యాత్రికునికి మూడు రాతిపనులు ఎదురగును. మొదటిది ఆనకట్ట, రెండవది ద్వీపముమీది ప్రాచీన శిల్పసంపద, మూడవది పలనాటి శిల్పుల ఉలినుండి నేడును వెలువడుచున్న బొమ్మ. మొదటి రెండింటిని చూడనివారుండరు. మూడవదానిని చూచువారు మాత్రము కొందరే. ఈ మూడును ఒకే వంశమునకు చెందిన అన్నదమ్ములవంటివని తెలిసికొన్న యాత్రికునికి ఆ రేవు వేరొక రీతిగా కనబడును.

మొదట ఆనకట్టను చూతము. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేసెను. 1967వ సంవత్సరము ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలలోనికి నీటిని వదలెను. కుడి కాలువకు జవహర్ కాలువ యనియు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ యనియు పేర్లు. ఆనకట్టకు 26 గేట్లు కలవు. ఎత్తు సుమారు 124 మీటర్లు. ప్రపంచమందలి పెద్ద రాతి ఆనకట్టలలో ఇది యొకటి. రాయిని పగులగొట్టినవారు, మోసినవారు, పేర్చినవారు వేలకొలది కూలీలు. యంత్రముల సాయము స్వల్పముగా నున్న ఆ దినములలో స్త్రీపురుషుల భుజబలమే ఆ గోడను లేపినది. నేడు గేట్లనుండి నీరు దుముకుచుండగా చూచి ఆనందించువారు, ఆ నీటిని నిలిపిన రాయి ఒక్కొక్కటియు ఒక మనుష్యుని చేతిమీదుగా వచ్చినదే యని తలచుకొనవలెను.

రేవునుండి లాంచి కదలును. ఎక్కుటకు ముందు ప్రతివాడును ప్రాణరక్షక కవచమును ధరింపవలెను. 2019వ సంవత్సరము సెప్టెంబరు నెలలో గోదావరిపై కచ్చులూరు వద్ద యాత్రికుల పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. నీటిమీద నిర్లక్ష్యము పనికిరాదని ఆ విషాదము మనకు నేర్పిన పాఠము. కవచము బరువుగా నున్నదని విసుగుకొనువారు దీనిని మరువరాదు.

సుమారు గంటసేపు ప్రయాణము. నాలుగువైపుల నీలిజలములు, దూరమున కొండలు. ఆ నీటి క్రింద ఒకప్పుడు విశాలమైన లోయ యుండెను. లోయలో పల్లెలుండెను, పొలములుండెను. జలాశయము కొరకు అచటి ప్రజలు తరతరములుగా నున్న ఇండ్లను విడిచి వేరుచోట్లకు తరలిపోయిరి. దిగువనున్న లక్షల యెకరములు పచ్చబడుటకు వారు చేసిన త్యాగము తక్కువది కాదు. ఆ పల్లెలకంటె ముందు, పదునేడువందల సంవత్సరముల క్రిందట, అదే లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి విలసిల్లినది. దానికి శ్రీపర్వతమను పేరుకూడ శాసనములతో ముడివడియున్నది.

శాతవాహనుల తరువాత క్రీస్తు శకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకులు ఈ ప్రాంతమును పాలించిరి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు వారిలో ప్రసిద్ధులు. రాజులు వైదిక యజ్ఞములు చేసిరి. అంతఃపుర స్త్రీలు బౌద్ధవిహారములకు దానములొసగిరి. నదీతీరమున దేవాలయములును, లోయలో స్తూపములును పక్కపక్కనే వెలసినవి. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు ముఖ్యదాత. ఆ స్తూపమునకు నాలుగు దిక్కులను ఒక్కొక్కచోట ఐదేసి చొప్పున ఆయక స్తంభములు నిలిపిరి. స్తూపగర్భమున వెండి భరిణెలోపల బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క దొరికినవి.

విజయపురి కేవలము రాజులు, భిక్షువులు ఉన్న ఊరు కాదు. అది వర్తకము నడచిన నగరము. త్రవ్వకములలో రాతి మెట్లతో కట్టిన స్నానఘట్టము నదియొడ్డున బయల్పడినది. రోమక చక్రవర్తుల బంగారు నాణెములు లభించినవి. ఇక్ష్వాకుల సీసపు నాణెములు దొరికినవి. ఒక కంసాలి పనిచేసిన చోటు కూడ బయటపడినది; మూసలు, గీటురాయి మున్నగు పనిముట్లు అందుండెను. తమలపాకులు అమ్మువారికిని, పిండివంటలు చేయువారికిని వేర్వేరు శ్రేణులుండెడివని శాసనముల వలన తెలియుచున్నది. శ్రేణి యనగా ఒకే వృత్తివారి సంఘము. దాతలు ధనమును శ్రేణులయొద్ద నిలువయుంచెడివారు. అసలు చెడకుండ, దానిపై వచ్చు వడ్డీతో ధర్మకార్యము నడచెడిది. దీనిని అక్షయనీవి యందురు. పిండివంటలు చేయువారి సంఘమును నమ్మి ధర్మధనమును అప్పగించిరన్నచో, ఆ కాలమున చేతివృత్తులవారికి సంఘములో ఎట్టి మర్యాద యుండెనో ఊహింపవచ్చును.

బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనమొకటి ఇంకను విశేషమైనది. సింహళ భిక్షువులకొరకు ఆమె చైత్యగృహము కట్టించినది. ఆ భిక్షువులు బోధచేసిన దేశములుగా కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి, అపరాంతము మున్నగు పేర్లు ఆ శాసనములో కలవు. కంటకసేలలోని మహాచైత్యపు తూర్పు ద్వారమున రాతి మండపము కట్టించినట్లును అందు చెప్పబడినది. కంటకసేల నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాల యని చరిత్రకారులు భావించుచున్నారు. గ్రీకు భూగోళవేత్తయైన టాలమీ రెండవ శతాబ్దమున పేర్కొన్న కొంటకొస్సిల అను వర్తకస్థానము ఇదియేనని వారి అభిప్రాయము. సముద్రమునుండి వచ్చిన సరకును, సందేశమును, మనుష్యులును కృష్ణాతీరము వెంబడి విజయపురికి చేరుచుండిరన్నమాట. ద్వీపముమీది మ్యూజియములో రాతిస్తంభముపై చెక్కిన శకవీరుని రూపమును చూడవచ్చును. కుచ్చుటోపీ, పొడవైన అంగీ ధరించిన ఆ పరదేశీయుని, తెలుగునాటి శిల్పి తన కన్నులార చూచి యుండనిదే అంత సహజముగా చెక్కియుండడు.

నాటి శిల్పులు పనిచేసినది పలనాటి సున్నపురాతిమీద. తెలుపులో లేత ఆకుపచ్చ కలిసిన రాయి యది. అమరావతి స్తూపమును కూడ ఇట్టి రాతితోనే అలంకరించిరి. నున్ననిదై, ఉలికి లొంగునదై, సన్నని గీతను సైతము నిలుపుకొను గుణము దీనికి కలదు. కావుననే జాతకకథలలోని సన్నివేశములు, ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, స్త్రీల కేశబంధములు, భవనముల గవాక్షములు అన్నియు ఆ రాతిపై నేటికిని చెరగకుండ నిలిచియున్నవి. దానము చేసినవారి పేర్లు శాసనములలో పదిలముగా నున్నవి. ఉలి పట్టినవారి పేర్లు మాత్రము అరుదు. అయినను నాగార్జునకొండలో దొరికిన ఛాయాస్తంభములలో ఒకటి మనస్సును కదలించును. ఛాయాస్తంభమనగా మరణించినవారి జ్ఞాపకార్థము నిలుపు రాతికంబము. అవి రాజులకు, సేనానులకు, యుద్ధములో పడిన వీరులకు నిలుపబడినవి. వానిలో ఒకటి ఆవేసని యనబడు చేతిపని పెద్దకొరకు నిలుపబడినది. వీరునితో సమానముగా చేతిపనివానికిని స్మారకము నిలిపిన నగరము విజయపురి.

ఇక్ష్వాకుల పాలన ముగిసిన పిదప ఈ నగరము క్రమముగా మరుగునపడినది. 1926వ సంవత్సరమున ఎ. రంగస్వామి సరస్వతి ఈ శిథిలములను కనుగొని వెలుగులోనికి తెచ్చెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్, ఆ తరువాత 1938లో టి. ఎన్. రామచంద్రన్ త్రవ్వకములు జరిపిరి. ఆనకట్ట కట్టవలెనని నిశ్చయమైనప్పుడు లోయ యంతయు మునుగునని తేలినది. కావున 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున లోయ నంతటిని శోధించిరి. పాతరాతియుగము మొదలు మధ్యయుగము వరకు నూటికి పైగా స్థలములు బయల్పడినవి. ముఖ్యమైన తొమ్మిది కట్టడములను రాయి రాయిగా విప్పి కొండమీదికి చేర్చి తిరిగి నిర్మించిరి. మరికొన్నింటికి నమూనాలు తయారుచేసిరి. నలువైపుల మెట్లుగల ప్రేక్షాగారము మొదలైనవానిని తీరమునగల అనుపు వద్ద తిరిగి నెలకొల్పిరి. నీరు పెరిగినకొలది చుట్టును లోయ మునిగి, కొండ శిఖరము ద్వీపమైనది. 1966లో ద్వీపముమీద మ్యూజియము వెలసినది. ఒక నగరము నీట మునుగుచుండగా దాని విలువైన శిల్పసంపదను ఎత్తి ఒడ్డున పెట్టిన ఈ కార్యము మన దేశ పురావస్తుశాఖ చేసిన ఘనకార్యములలో నొకటి.

ఈ విధముగా మునిగిన రాయిని కాపాడుటకు ప్రభుత్వమున్నది, నిధులున్నవి, పండితులున్నారు. మరి అదే సీమలో బ్రతికియున్న శిల్పమును కాపాడువారెవరు? ఈ ప్రశ్న రేవులో దిగిన ప్రతి యాత్రికుని యెదుటను నిలుచును.

విజయపురి సౌత్‌నుండి మాచర్ల సుమారు 20 కిలోమీటర్లు. మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయము పలనాటి బ్రహ్మనాయుని పేరుతో ముడిపడినది. మాచర్లకు సమీపముననే దుర్గి యను గ్రామము కలదు. దుర్గి పేరు చెప్పినంతనే శిల్పము తలపునకు వచ్చును. అచటి శిల్పులు దేవతామూర్తులను, బుద్ధవిగ్రహములను, నాయకుల ప్రతిమలను, ఇంటిలో నుంచుకొను చిన్నచిన్న బొమ్మలను చెక్కుచున్నారు. 2017వ సంవత్సరమున దుర్గి రాతిశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక వస్తువు ఒక ప్రదేశమువలననే విశిష్టమైనదని చట్టము ఒప్పుకొనుటయే ఈ గుర్తింపు. దీనికొరకు మన పార్లమెంటు 1999లో చట్టము చేసినది. అది 2003లో అమలులోనికి వచ్చినది. డార్జిలింగ్ తేయాకు, పోచంపల్లి వస్త్రము, ఏటికొప్పాక బొమ్మలు ఇట్టి గుర్తింపు పొందినవే. వేరొకచోట తయారైన వస్తువును దుర్గి శిల్పమని చెప్పి అమ్మరాదని దీని సారాంశము.

శిల్పి పని యెట్లుండును? మొదట రాయిని ఎన్నుకొనవలెను. శిల్పి రాతిపై సుత్తితో తట్టి చెవియొగ్గి వినును. కంచువలె ఖంగున మ్రోగినచో రాయి గట్టిది. మొద్దుధ్వని వచ్చినచో లోపల ఎచటనో పగులున్నదని గ్రహించి విడిచిపెట్టును. పైకి కనబడని లోపమును చెవితో కనిపెట్టుట శిల్పి మొదటి విద్య. రాయి దొరికిన పిదప దానిపై జాజుతోగాని బొగ్గుతోగాని రేఖలు గీయును. విగ్రహమునకు కొలతలు శిల్పశాస్త్రమున నిర్ణయింపబడియున్నవి. ముఖము పొడవును ఒక తాళముగా గ్రహించి, దేహమంతటిని దానితో కొలుచుదురు. ఉత్తమ దేవతామూర్తులకు నవతాళము మొదలైన కొలతలు కలవు. కాగితము మీది లెక్క కాదది. గురువు నుండి శిష్యునికి, తండ్రి నుండి కుమారునికి చేతివ్రేళ్ళ ద్వారా వచ్చిన లెక్క.

తరువాత ఉలిపని. పెద్ద ఉలితో అనవసరమైన రాతిని తొలగించును. రూపము స్థూలముగా తేలిన పిదప చిన్న ఉలులు పట్టును. మొనవాడి ఉలి, చదునంచు ఉలి, సన్నగీతల ఉలి యని పనికొక ఉలి. రాతిమీద పనిచేయుటచే ఉలులు వేగముగా మొద్దుబారును. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీట ముంచి పదును పెట్టవలెను. పదునుపెట్టుటయే తెలియనివాడు చెక్కుట నేర్వజాలడు. కడపట కన్నులు, పెదవులు, వ్రేళ్ళకొనలు. కట్టెబొమ్మలో తప్పు జరిగినచో అతుకు వేయవచ్చును. మట్టిబొమ్మను మరల ముద్దచేయవచ్చును. రాతిలో ఎగిరిన పెచ్చు మరల అతుకదు. నెలదినముల శ్రమ ఒక్క దెబ్బతో వ్యర్థము కావచ్చును. అందుచేత శిల్పికి చేతిబలముకంటె చేతి నిగ్రహము ముఖ్యము. చివరకు సానరాతితో నీరు చల్లుచు నునుపు చేయుదురు.

నేడు రాయిని కోయుటకు యంత్రములు వచ్చినవి. మొదటి మోటుపని త్వరగా ముగియుచున్నది. యంత్రమును వాడుట తప్పు కాదు. అయితే యంత్రమువలన దుమ్ము మెండుగా లేచును. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. ముక్కునకు ముసుగు ధరించుట, రాయిని తడిపి కోయుట అవసరము. బొమ్మ ముఖమున చిరునవ్వు తెచ్చు పని మాత్రము నేటికిని మంచి శిల్పి చేతిదే.

ఇపుడు యాత్రాస్థలములలోని అంగళ్ళను చూడుడు. రంగురంగుల ప్లాస్టికు వస్తువులు, ఎక్కడనో కర్మాగారములో మూసపోసిన విగ్రహములు వరుసగా కనబడును. అవి తేలికగా నుండును, చౌకగా దొరకును. వాని వెనుక పలనాటి రాయి లేదు, పలనాటి చేయి లేదు. కాశీలోనైనను కన్యాకుమారిలోనైనను అవియే వస్తువులు. చేతిబొమ్మను మూసబొమ్మనుండి గుర్తించుట కష్టము కాదు. రాతిబొమ్మ చేతికి చల్లగాను, పరిమాణమునకు తగిన బరువుగాను ఉండును. దాని వెనుకభాగమునను పీఠము క్రిందను ఉలిగాట్లు కనబడును. ఒకే శిల్పి చెక్కినను రెండు బొమ్మలు అచ్చముగా ఒక్కరీతిగ నుండవు. మూసబొమ్మలన్నియు ఒకదానినొకటి పోలియుండును. ప్రక్కలను మూస అతుకు గీత తెలియును. ఈపాటి పరీక్ష చేయగలవాడు మోసపోడు.

వెల విషయము మరియొకటి. విహారయాత్రకు వచ్చిన ఒక బాలుడు శిల్పి యింట అరచేతి పొడవుగల వినాయకుని చూచెననుకొందము.

“తాతా! ఇంత చిన్నబొమ్మకు ఇంత ధర యేమి? అంగడిలో దీనికంటె పెద్దది నాలుగవవంతు ధరకే ఇచ్చుచున్నారు గదా!” యని అతడు అడుగును.

“బాబూ! ఆ బొమ్మను యంత్రము ఒక నిమిషములో పోసినది. దీనిని నేను మూడు దినములు చెక్కితిని. నీవు ఇచ్చునది రాతి వెల కాదు. ఆ మూడుదినముల కూలి. ఆ కూలి రానినాడు నా మనుమడు ఉలి పట్టడు, వేరే పనికి పోవును” అని ఆ వృద్ధుడు బదులు చెప్పును.

ఈ మాటలో సత్యము కలదు. ఒక వృత్తి నశించుట ఒక్కదినమున జరుగదు. కొడుకు నేర్చుకొనుట మానిన దినమున అది సగము నశించినట్లే. ఇక్ష్వాకుల శిల్పమును నీటిముంపునుండి ఎత్తుటకు ఆరు సంవత్సరముల త్రవ్వకములు చాలినవి. చేతినుండి చేతికి వచ్చు విద్య ఒక తరము తెగినచో దానిని ఏ త్రవ్వకములోను వెలికితీయలేము. బొమ్మ భూమిలో దొరకును. బొమ్మను చేయు నేర్పు భూమిలో దొరకదు.

ఈ చిక్కు పలనాటికే పరిమితము కాదు. అమెరికా ఖండమునకు సమీపమున, అట్లాంటిక్ సముద్రములో బహామా దీవులు కలవు. వాని రాజధాని నాసౌ. కరిబియను సముద్రయాత్రకు బయలుదేరిన పెద్ద ఓడలు ఆ రేవులో ఆగును. ఒక్కొక్క ఓడలో వేలమంది యాత్రికులుందురు. వారు ఉదయమున దిగి, కొన్నిగంటలు ఊరు తిరిగి, సాయంకాలమునకు ఓడ చేరుకొందురు. రేవునకు చేరువగా ఆకల్లికల సంత కలదు. తాటిజాతి చెట్ల ఆకులను ఎండబెట్టి, జడవలె అల్లి, ఆ అల్లికను కుట్టి సంచులు, టోపీలు, చాపలు చేయుట ఆ దీవుల స్త్రీల విద్య. 1938లో సముద్రమందలి స్పాంజీలకు తెగులు సోకి, వానిని తీసి అమ్ముకొను జీవనము దెబ్బతిన్నపుడు, ఈ అల్లిక పనియే అనేక కుటుంబములకు కూడు పెట్టినది. 2001లో ఆ సంత అగ్నికి ఆహుతియైనది. 2011లో క్రొత్త భవనము వెలసినది. భవనము వచ్చినను వేరొక పోటీ తప్పలేదు. దూరదేశములలో యంత్రములపై తయారైన చవుక సరకు అదే సంతలో చేతి అల్లిక ప్రక్కనే నిలిచి అమ్ముడుపోవుచున్నది. దీవి పేరు అచ్చువేసిన సంచిని కొన్న యాత్రికుడు దీవిలో చేసినదే కొంటినని భ్రమపడును.

నాసౌ ఓడలతో పోల్చినచో విజయపురి లాంచి చిన్నది. రెండుచోట్లను న్యాయమొక్కటే. రేవు అనునది రెండంచుల కత్తి. దాని ద్వారా యాత్రికుడు వచ్చును. దాని ద్వారానే పరాయి సరకును వచ్చును. యాత్రికుని ధనము ఊరివాని చేతికి చేరినచో రేవు ఊరిని పోషించును. ఊరిని తాకకుండ పోయినచో, ఎందరు వచ్చి పోయినను గట్టుకు మిగులునది చెత్తకాగితములే. ప్రాచీన విజయపురిలో పరదేశీయుడు వచ్చెను. స్థానిక శిల్పి అతని రూపమునే రాతిలో చెక్కి నిలిపెను. వచ్చినవానినుండి క్రొత్తదనమును గ్రహించి, తన విద్యను విడువక, దానిని మరింత పెంచుకొనుట ఆ నగరపు గొప్పతనము.

భౌగోళిక గుర్తింపు శిల్పికి కవచమువంటిది. కవచము దెబ్బను ఆపగలదు గాని ఆకలిని తీర్పజాలదు. ఆకలి తీర్చునది కొనుగోలు. శిల్పములను అందరు యాత్రికులును కొనవలెనని కాదు. అందరికిని ఆ శక్తి యుండదు. కొనలేనివారు చేయదగిన పనులును కలవు. శిల్పి పనిచేయుచోటికి వెళ్ళి శ్రద్ధతో చూడవచ్చును. అతని పేరును అడిగి తెలిసికొనవచ్చును. దుర్గి శిల్పమనగా నేమో తమ ఊరివారికి చెప్పవచ్చును. పాఠశాలలో బహుమానములు ఇచ్చునపుడు, సభలలో అతిథులను సత్కరించునపుడు, గాజు, ప్లాస్టికు జ్ఞాపికలకు మారుగా ఒక చిన్న రాతిబొమ్మను ఎన్నుకొనుడని పెద్దలను కోరవచ్చును. ఒక్క పాఠశాల ఏడాదికి పది బొమ్మలు కొన్నను ఒక శిల్పి ఇంట కొన్ని వారములు పొయ్యి వెలుగును.

విజయపురి రేవునకు పోవు విద్యార్థులు లాంచిలో పాటలు పాడుకొనవచ్చును. ఎత్తిపోతల జలపాతమును చూచి సంతసింపవచ్చును. వానితోపాటు మూడు రాళ్ళను గూడ చూచి రావలెను. నదిని నిలిపిన రాయి ఒకటి. నగరమును గుర్తుంచిన రాయి మరియొకటి. ఉలిక్రింద ఇంకను రూపు దాల్చుచున్న రాయి మూడవది. మొదటి రెండును పూర్తియైన పనులు. మూడవది మాత్రము పూర్తికాలేదు. దానిని పూర్తి కానిచ్చుటయో, సగమున నిలిపివేయుటయో శిల్పి చేతిలో కొంతయు, చూడవచ్చినవారి చేతిలో కొంతయు ఉన్నది.

ప్రశ్నలు

1. విజయపురి సౌత్ రేవునుండి ద్వీపమునకు పోవు యాత్రికునికి ఎదురగు మూడు రాతిపనులెవ్వి? వానికిగల సంబంధమును వివరింపుము.

2. ప్రాచీన విజయపురి వర్తకనగరమని చెప్పుటకు గల ఆధారములను వ్రాయుము.

3. ‘బొమ్మ భూమిలో దొరకును, బొమ్మను చేయు నేర్పు భూమిలో దొరకదు’ – ఈ వాక్యము అర్థమేమి?

4. చేతితో చెక్కిన బొమ్మను మూసబొమ్మనుండి ఎట్లు గుర్తింపవచ్చును?

5. నాసౌ సంతకును మన యాత్రాస్థలములలోని అంగళ్ళకును గల పోలికలను తెలుపుము.

6. మీ ఊరిలోగాని సమీపమునగాని ఉన్న ఒక చేతివృత్తిని చూచి, దానిని గూర్చి ఇరువది వాక్యములలో వ్రాయుము.